కాలి బరువు కాదు, కేబుల్ బిగువు

వదినా, మూడేళ్లుగా నాదొకటే అనుమానం. ఇంజను గోల పెడితే గానీ మన ఆటోమేటిక్ కారు గేరు మారకపోవడం యాక్సిలరేటర్ మీద మీ కాలి బరువువల్లేనా అని. ఆ కాలు తేలిక చెయ్యమని దేవుడికి మొక్కాను కూడా.

పొద్దున మెకానిక్ చూసి నవ్వాడు. "గేర్‌బాక్సుకెళ్లే కేబుల్ ఎవరో మరీ బిగించేశారు సార్. మేడమ్ కాలేం చేసింది పాపం!" అన్నాడు. మూడేళ్ల కిందట దాన్ని బిగించింది నేనేనని అతనికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. వదులు చేశాక గేర్లు వేళకు పడుతున్నాయి. దేవుడు నన్నెందుకు ముందే మందలించలేదో!

నా సణుగుడు భరించలేకే మీరు స్టీరింగ్ వదిలేశారు. తాళాలు మీ అద్దం దగ్గర పెట్టాను. ప్రార్థనకు నడిచి వెళ్తున్నాను. ఆరింటికి మీరే కారులో వచ్చి నన్ను తీసుకురండి. నోరెత్తను.

అన్నట్టు, మీకు ఎప్పటినుంచో ఒక మాట బాకీ. తప్పు నాదే వదినా. అన్నయ్య కూడా చదవాలని చీటీ ఫ్రిజ్ మీదే అంటించాను.