పక్కన కూర్చునే మనిషి

సోనాపూర్ లేబర్ క్యాంపు,
దుబాయ్.

ప్రభువునందు ప్రియమైన నా తల్లి రేచెల్‌కు మీ డాడీ దీవెనలతో రాస్తున్నది.

ఆయన కృపవల్ల నేను ఇక్కడ క్షేమం. ఊళ్లో మీ అమ్మ కూడా క్షేమమే, నిన్ననే మాట్లాడాను. మన ముగ్గురిలో ఎవరి క్షేమం కోసం నేను ఎక్కువగా మోకరిస్తున్నానో ఆయనకూ తెలుసు, నీకూ తెలుసు.

నీ ఉత్తరం ఇక్కడ పనిచేస్తున్న పరిమళ తెచ్చి ఇచ్చింది. నెదర్లాండ్స్‌లో మీ ఊళ్లోనే ఉన్న అక్కను చూసి వచ్చిందట. వాళ్ల బావగారు ఇటు వచ్చి ఈ వారమే తిరిగి వెళ్తున్నారు. ఈ జవాబు ఆయన చేతికిస్తాను. ఈ సంగతి ఫోనులో వద్దు తల్లీ. ఇక్కడి చట్టం ఎలాంటిదో తెలుసు కదా, నువ్వు తినబోతానన్న ఆ గడ్డల ఫోటో కూడా నా వాట్సాప్‌కు పంపకు.

మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పి అలాగే ఉంది. ఇనుప చువ్వలు కట్టే పని తప్పించి నన్ను స్టోరులో వేశారు. బోల్టులు తూచి ఇవ్వడమే పని. కుర్రవాళ్లు తాతా అంటున్నారు.

అమ్మకు చెప్పారా అన్నావు. చెప్పలేదు. నీకు నిద్ర పట్టడం లేదని మాత్రమే ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో కరోనా డ్యూటీల్లో మొదలైన ఆ నొప్పి మాత్రలకు నువ్వు బానిసవయ్యావని, మానేసి మళ్లీ రెండుసార్లు పడ్డావని ఆమె నీ నోటితోనే వినాలి. నా నోట వింటే అది ప్రసంగమైపోతుంది.

ఇక అసలు ప్రశ్న. ఒక మత్తు వదలడానికి ఇంకో మత్తా అని తిడతారని నువ్వే ముందు రాసేశావు. తిట్టాను. నీ ఉత్తరం మడిచి, గలతీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయం తీశాను. శరీరకార్యాలలో విగ్రహారాధన పక్కనే అభిచారం, అంటే మందుమాకులతో చేసే మాయ, ఉంది. ఆ వారం మా గదిలో జరిగిన ప్రార్థన కూడికలో నీ పేరెత్తకుండా నీ మీదే ప్రసంగించాను. క్యాంపులో గొంతు పెంచకూడదు కాబట్టి పళ్లు బిగబట్టి ఉరిమాను. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఆకలి వేయలేదు.

తరువాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. మీ గుంపులో అందరూ ఏదో ఒక వ్యసనం నుంచి బయటపడుతున్నవాళ్లేనని రాశావు. పుట్టగొడుగుల జాతి గడ్డలట, తింటే కొన్ని గంటలు లేనివి కనిపిస్తాయట. అక్కడి చట్టం ఒప్పుకుంటుందట. సరదాకు తినరట. ఎందుకు తీసుకోవాలనుకుంటున్నావు, ఏ బరువు దింపుకోవాలని వచ్చావు అని వారాల తరబడి ఒకరినొకరు అడుగుతారట. డాక్టరుకు చూపించుకుంటారట. తీసుకున్న రోజు ఏమీ తీసుకోని మనిషి ఒకరు పక్కన కూర్చుంటారట, భయపడితే చెయ్యి పట్టుకోవడానికి. మరుసటి ఉదయం అందరూ చేరి, కనిపించినది చెప్పుకుంటారట. ఆ ఉదయానికి సొంతమనిషిని ఒకరిని వీడియోలో పిలవమన్నారని, నన్ను పిలవాలనుకుంటున్నావని రాశావు. చివర, “డాడీ, వాక్యం చెప్పకుండా, ప్రార్థన చెయ్యకుండా, ఊరికే వినగలరా?” అని అడిగావు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఏసుబాబు సంగతి చెబితే ఆ కోపం ఎక్కడికి పోయిందో నీకు అర్థమవుతుంది.

ఏసుబాబు మన రాజోలు కుర్రాడే, నా గది పక్క గదిలో ఉంటాడు. మా కూడిక పద్ధతి నీకు తెలుసు. తాగుడు మానినవాడిని నిలబెడతాం, సాక్ష్యం చెప్పిస్తాం, చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంటాం. ఏసుబాబును మూడు కూడికల్లో నిలబెట్టాను. వాడి సాక్ష్యం అంత బాగుండేది. తరువాత వాడు రావడం మానేశాడు. మళ్లీ తాగుడులో పడి, ఇప్పుడు అది దొరక్క మంచం మీద వణుకుతున్నాడని సనావుల్లా చెప్పాడు. ఆయన నిజామాబాద్ మనిషి, నా కింది మంచం. నేను, ఆయన కలిసి వాడిని క్లినిక్‌కు తీసుకెళ్లాం. డాక్టరు మాత్రలిచ్చి, ఒంటరిగా వదలవద్దన్నాడు.

తిరిగి వచ్చే బస్సులో సనావుల్లా అన్నాడు, “నువ్వే చేసినవ్ భయ్యా. వాన్ని అందరి ముంగట నిలవెట్టి చప్పట్లు కొట్టిస్తివి. నిలవడ్డోనికి నీ కాడ జాగ ఉంది. పడ్డోనికి ఏడుంది?”

నా భుజం మీద నిద్రపోతున్న ఏసుబాబు తలను సరిచేశాను.

మరుసటి రోజు సెలవు. మధ్యాహ్నం బైబిలు పట్టుకుని వాడి మంచం దగ్గరకు వెళ్లాను. తెరవబోతుంటే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“బాబాయ్, పార్దన సెయ్యకండి. సిగ్గుతో సచ్చిపోతన్నాను. ఊరికే కూకోండి, సాలు.”

కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చువ్వలు మోయడం కన్నా కష్టమైంది. నాలుక మీద కీర్తనలు వరసగా వచ్చి నిలబడ్డాయి. తడిబట్టతో వాడి నుదురు తుడిచాను. సనావుల్లా పాలు లేని సులైమానీ టీ తెచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. “ఏంది పాస్టర్ సాబ్, బ్యాటరీ ఖలాస్ అయిందా?” అన్నాడు. ఏసుబాబు నవ్వాడు. నవ్వి, అటు తిరిగి ఏడ్చాడు.

సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ అయ్యాక వాడే నోరు విప్పాడు.

“బాబాయ్, మొదటిసారి సాచ్చ్యం సెప్పిన్రోజు పొద్దున్న తాగే వచ్చేను. సెబుదావనుకున్నాను. మీరు ముందే అల్లెలూయా అనేశారు. మీ మొకంలో సంతోసం సూసి ఇంకేం సెప్పను?”

రేచెల్, వాడు నాకు ఏ కూడికలోనూ చెప్పని నిజం నేను నోరు మూసుకున్న రోజున చెప్పాడు. యోబు స్నేహితులు వారం రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా పలకలేదు. అన్నాళ్లూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే దేవుడికి కోపం వచ్చింది. ఈ గ్రంథం ఎన్నిసార్లు బోధించానో! ప్రతిసారీ వాళ్లు మాట్లాడిన అధ్యాయాలే బోధించాను, ఊరుకున్న వచనం దాటేసి.

ఇప్పుడు ఒకటి చెప్పాలి. ఇందాకటి నుంచీ దీని చుట్టూనే తిరుగుతున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నేను నీ కోసం ప్రార్థిస్తున్నానని అనుకుంటావు. నేను చేసిన ప్రార్థన ఇది: ప్రభువా, అది నా బిడ్డకు పనిచేయకూడదు. నీకు హాని జరగాలని కాదు తల్లీ, ఆయన సాక్షి. నేను ఇన్నేళ్లు ఉపవాసాలుండి అడిగినది ఒక గడ్డ ముక్క, కొందరు ముక్కూముఖం తెలియని మనుషులు కలిసి నీకు ఇచ్చేస్తే, నేను నిలబడి చెప్పిందంతా ఏమవుతుందని భయం. నా బిడ్డ బాగుపడడం కన్నా నా మాట నెగ్గడం కావాలని అడిగాను. ఏసుబాబు నుదురు తుడుస్తుండగా అది నాకు తెలిసివచ్చింది. ఆ ప్రార్థనను వెనక్కి తీసుకున్నాను. ఆయన వినకుండా ఉంటే చాలు.

అలాగని నేను ఒప్పుకున్నానని అనుకోకు. నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. నా గ్రంథం నాకు చెప్పేది నేను మార్చలేను. అది నిన్ను బాగు చేస్తుందో లేదో కూడా నాకు తెలియదు. మూడు సంగతులు మాత్రం అడుగుతున్నాను, తండ్రిగా. నువ్వు వేసుకుంటున్న నిద్రమాత్రల సంగతి డాక్టరుకు దాచకు. ఒంటరిగా ఎప్పుడూ తీసుకోకు. అది కూడా పనిచేయకపోతే సిగ్గుపడి నాకు దూరం కావద్దు. బాగయ్యానని నాకు సాక్ష్యం చెప్పనక్కర్లేదు. పడితే పడ్డానని చెప్పు.

ఏ రోజో, ఏ గంటకో ఫోనులో అంత మాత్రమే చెప్పు. మా మేనేజరును, అదే ముదీర్‌ను, సెలవు అడుగుతాను. ఆ ఉదయం మాట్లాడేటప్పుడు, ఏం తీసుకున్నావో దాని పేరెత్తకు, ఏం మోస్తున్నావో చెప్పు. ఏడవాలనిపిస్తే ఏడువు. నాకు వాక్యం నోటిదాకా వస్తుంది, మింగుతాను. బైబిలు సనావుల్లా మంచం మీద పెట్టి వస్తాను. నేను ఒప్పుకోలేదు తల్లీ. కాని కూర్చుంటాను.

ఇట్లు,
వినడానికి ఒప్పుకున్న
మీ డాడీ,
శాంతరాజు