ముయ్యి తీరేదాకా

మే 12, సోమవారం

తిరువళ్ళూరు నుంచి కరెంటు రైల్లో తిరుత్తణి. అక్కడి నుంచి బస్సు. బడి వరండాలో పడక. మా చర్చి యూత్ పిల్లలకు తమిళమే బాగా వచ్చు. ఈ నేతగాళ్ళ వీధి తెలుగు. అందుకే నన్ను తెచ్చారు, మాట మార్చడానికి. బయలుదేరేటప్పుడు పాస్టరయ్య: "నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి పోతున్నారు." అందరం ఆమెన్ అన్నాం. పని — అంగన్‌వాడీ గోడకు సున్నం.

మే 13

గోడ సగమైంది. సాయంత్రం ఎదురింటి కుప్పమ్మ మగ్గం చూడడానికి పోయాం. మా యూత్ పిల్లాడు జోయల్ తనకొచ్చిన తెలుగులో: "ఊళియం చేసేకి వచ్చినాం అవ్వా." తమిళ చర్చిలో దేవుడి సేవకు అదే మాట. ఆమెకు వేరేగా వినబడింది.

"ఊడిగమా? మేమేం జమీందార్లమా నాయనా, మీతో ఊడిగం చేయించుకునేకి!"

అరుగుల మీద అందరూ నవ్వారు. జోయల్ కూడా, ఎందుకో తెలియకుండానే.

కుప్పమ్మ కొడుకు దేవరాజు బండి మీద నుంచి పడ్డాడు, చేతికి కట్టు. మగ్గానికి కొత్త పడుగు ఎక్కించాలి. దారాలన్నీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఒక ఇంటివల్ల అయ్యేది కాదు. "శుక్రవారం వీధోళ్ళు వస్తామన్నారు," అంది.

జోయల్: శుక్రవారం దాకా ఎందుకు, రేపే మేం పడుగు పడతాం. తెలుగులో చెప్పాను. ఆమె పక్కింటి చెంగయ్య గడపవైపు చూసింది. "శుక్రవారమని... అన్నారే. ఇంత ఆశగా అడిగితే ఏం జెప్పేది."

తమిళంలో నేను చెప్పింది: సరేనంది.

మే 14

తెల్లవారక ముందే కర్రలు నాటి పడుగు కట్టాం. గంజి వాసన. దేవరాజు ఒంటి చేత్తో కుంచె లాగుతూ, అతుక్కున్న దారాలు విడదీస్తూ మేము. తెగినచోట కుప్పమ్మ ముడి. జోయల్ కీర్తన ఎత్తుకోబోతే కళ్ళతో ఆపాను. ఎండెక్కేసరికి అయిపోయింది. పిల్లల ముఖాల్లో ఎంత సంతోషమో.

చెంగయ్య వేపపుల్ల నములుతూ గడపలో నిలబడి చూశాడు. లోపలికి పోయాడు. వీధిలో ఒక్కరూ రాలేదు. వాళ్ళకు ఒక పని తప్పింది గదా అనుకున్నాను.

మే 15

కుళాయి దగ్గరికి కుప్పమ్మ రాగానే మాటలు ఆగుతున్నాయి.

మే 16, శుక్రవారం

వీధిలో ఈ రోజు చెంగయ్య పడుగు. అన్ని ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. కుప్పమ్మ కొంగు బిగించి తన గడపలో నిలబడింది. ఎవరూ పిలవలేదు. పిలవందే పోకూడదు. గంజి ఆరేదాకా అలాగే నిలబడి లోపలికి పోయింది.

కోపమా అని చెంగయ్యను అడిగాను.

"కోపమేంటికమ్మా? ఇది ముయ్యి పని. మేం ఆమె పడుగు పడితే ఆమె మా పడుగు పడతాది. ఈ తూరి మేం పట్టలేదే. ఏ మొకం పెట్టుకొని పిలిచేది? ఊరికే చేయించుకునేదా?"

లోపల్నుంచి అతని భార్య: "ఆమెకేం, చర్చి పిల్లోళ్ళుండారు. అందురికీ ఒగే రంగు చొక్కాలు!"

జోయల్ నా చెవిలో: "మొయ్యా అక్కా? పెళ్ళిళ్ళలో చదివిస్తారే... కవర్లో పెట్టి ఇద్దామా?"

కాదు. పనికి పనే.

కుప్పమ్మ దగ్గరికి పోయాను. తల ఎత్తకుండా అంది: "శుక్రవారమని నీకు చెప్పలేదామ్మా?"

చెప్పింది.

మే 17

మళ్ళీ చెంగయ్య దగ్గరికి. మేం పట్టింది లెక్కలోంచి తీసేయమన్నాం.

"చేసిన పని చేయనట్టు ఎట్లయితాది? ఇప్పుడు ఆమె మీకు ముయ్యి. అది తీర్చుకుంటే మళ్ళా మా వరసలోకొస్తాది. మీ ఊర్లో పడుగు యాడుంది, ఆమె పట్టేకి?"

పడుగు లేదు. పూండి దగ్గర మా చేలో పీకాల్సిన వేరుశనగ ఉంది. ముసలామెతో పీకించడమా అని ఆ మాట ఎత్తలేదు. తన గడపలోంచి కుప్పమ్మే అడిగింది, "ఏం పంట మీది?" అని. చెప్పగానే, పీకడానికి తనే వస్తానంది.

జోయల్‌కు మింగుడు పడలేదు. ముసలామెతో చేయించుకుంటే సేవకు కూలి తీసుకున్నట్టు కాదా అంటాడు. పాస్టరయ్యకు ఫోన్ చేశాం. ఆయన, "నేర్చుకోమని నేనే అన్నాను గదా..."

మే 24

కుప్పమ్మ వచ్చింది. తిరువళ్ళూరులో బస్సు మారి. మా అమ్మ నామీద గుర్రుమంది: "పెద్దామెను ఎండలో వంచుతావా?" ఆమె అప్పటికే సాలులో ఉంది. మాకన్నా మెల్లగా పీకింది. నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది, మళ్ళీ వంగింది. వద్దు అనకుండా చూస్తూ ఉండడం కష్టమైంది.

జోయల్ పక్క సాలు పట్టాడు. అరచేతులు పొక్కాయి. "ఊడిగమంటే ఇది నాయనా," అంది. ఈసారి అర్థమయ్యే నవ్వాడు.

అన్నం మూట కట్టుకొచ్చింది. మా ఇంట నీళ్ళు మాత్రం తాగింది.

పోయేటప్పుడు అమ్మ సంచిలో కాయలు పోయబోతే చేయి పట్టుకుంది. "వద్దమ్మా. మళ్ళా మొదటికొస్తాది." బస్సు మెట్టు మీద నుంచి నాతో: "ఇంక నీకూ నాకూ ముయ్యి లేదు."

సంతోషపడాల్సిన మాటే.

జూన్ 11

దేవరాజు ఫోన్. కట్టు విప్పారు. ఆ పడుగు వాళ్ళమ్మే నేసింది. కొత్తది శుక్రవారం. ఇంటింటికీ పోయి చెప్పొచ్చిందట. పూండిలో తీర్చొచ్చిన సంగతి కూడా. రామని ఎవరూ అనలేదు. వస్తామనీ అనలేదు.

జూన్ 12, గురువారం

ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

"నేను రానా అవ్వా?"

"నువ్వొస్తే మళ్ళా ముయ్యి పడతాది. మీ చేన్లో ఇంకేమన్నా మిగిలుందా?"

నవ్విందో లేదో తెలియలేదు. మిగల్లేదన్నాను.

"అయితే యాడుండావో ఆడనే ఉండు."

రేపు తెల్లవారేసరికి కర్రలు నాటి ఉంటాయి. ఒక కొస ఆమె, ఒక కొస దేవరాజు. నడుమ పట్టుకునే చేతులు...