సత్తుపిండి పంచుతూ నువ్వడిగే మాట

లక్ష్మీ, బిడ్డా,

రొమ్ము క్యాన్సర్‌తో నువ్వు చనిపోయిన ఏడాది మనింట్లో బతుకమ్మ పేర్చలేదు. నిన్న పేర్చాను. ఆట అయ్యాక సత్తుపిండి పంచితే కాలనీ ఆడవాళ్లు చేతిలో పట్టుకుని నిలబడ్డారు, నోట్లో వేసుకోరు. పిండి చెడిందేమోనని నాకు ఒకటే భయం.

“అడుగవేంది అవ్వా? నీ బిడ్డ అడగంది పిడికెడు పెట్టకపోయేది,” అంది పక్క క్వార్టరు రాజమ్మ.

అడిగాను. “రొమ్ములు చూసుకున్నరా? గడ్డలు గిట్ల లేవు గదా?”

నువ్వడిగితే సిగ్గుతో నవ్వేవాళ్లు. నిన్న ఎవరూ నవ్వలేదు.

“మరి నువ్వు చూసుకున్నవా?” అంది రాజమ్మ.

నువ్వు పాలు తాగిన చోటు. ఏం తగులుతుందోనని ఇన్నాళ్లూ చెయ్యి పెట్టలేదు బిడ్డా.

రేపు దవాఖానకు పోతున్నాను. అక్కడ నీ చెయ్యి నేను పట్టుకునేదాన్ని. నా చెయ్యి రాజమ్మ పట్టుకుంటానంది.