ఎమూ సోక్ షేర్లు కొన్నదెవరు

కాల్గూర్లీ,
ఆదివారం.

నాన్నా రోరీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ కుక్కా క్షేమం. ఎప్పటిలా "అందరం క్షేమం" అని రాయబోయాను గానీ, అందరం అనడానికి ఇంకెవరున్నారని చెయ్యి ఆగిపోయింది. ఆ పాపువా కొండల్లో, గనిలో, నువ్వు వేళకి ఇంత తిని, దోమతెర కట్టుకునే పడుకుంటున్నావని అనుకుంటాను. కట్టుకోకపోతే మాత్రం నేనూరుకోను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. కూలర్ బాగు చేయించాను. వచ్చినవాడు పైకప్పు మీద నిలబడి, "ఇంత ఎర్రదుమ్మేంటమ్మా తల్లీ, టమాటాలు వేసుకోవచ్చు!" అన్నాడు. చాలా రోజులకి నవ్వొచ్చింది. ఈ మాట మీ నాన్నకి చెబుదామని గబగబా లోపలికి వెళ్ళాను. తీరా ఖాళీ కుర్చీ చూశాక గుర్తొచ్చింది, ఇంకెవరికి చెబుతానని. పిచ్చిదాన్నైపోయాన్రా. నా దగ్గు అలాగే ఉంది. డాక్టరు దుమ్ముకి దూరంగా ఉండమన్నాడు. ఈ ఊళ్ళో దుమ్ముకి దూరంగా ఉండడమంటే ఎలాగో ఆయనే చెప్పాలి.

ఇక అసలు సంగతి. "ఆసుపత్రిలో నాన్న నా చెయ్యి పట్టుకుని ఎమూ సోక్ కొనరా, ఆలస్యం చెయ్యకు అన్నాడు. ఇల్లు కొనడానికి దాచిందంతా ఈ నెలాఖరుకి అందులో పెట్టేస్తాను" అని రాశావు. వద్దురా నాన్నా. ఎందుకు వద్దంటున్నానో చివరిదాకా చదువు, మధ్యలో ఆపకు.

ఎమూ సోక్ అంటే మీ నాన్నకి ఏమిటో నీకు తెలుసు. కుర్రతనంలో తన చేత్తో బోరు దింపిన చోటది. ఆ రాతిలో బంగారం మెరవడం కళ్ళారా చూశానని పోయేదాకా ఒట్టేసి చెప్పాడు. ఆ చోటు పేరే పెట్టుకున్న బంగారు గని కంపెనీ షేరు ధర ఏనాడూ పైకి లేవలేదు, ఆయన ఆశా ఏనాడూ పడిపోలేదు. గడియారాన్ని షేర్ మార్కెట్ తెరిచే సిడ్నీ వేళకి తిప్పుకుని, పొద్దున్నే టీ కప్పుతో కూర్చునేవాడు. వంటగది తలుపుకి అతికించిన గళ్ళకాగితం మీద పెన్సిలుతో గీత గీసేవాడు.

"ధర ఎన్ని వేషాలైనా వేస్తుందే డల్సీ. ఎన్ని షేర్లు చేతులు మారాయో అది చూడాలి. ధర పెరిగిన రోజు ఆ వాల్యూమ్ లెక్కకి కలుపు, తగ్గిన రోజు తీసెయ్. ధర కదలకుండా పడుంది, నా గీత మాత్రం లేస్తోంది అనుకో. లోపలి సంగతి తెలిసినవాడెవడో చప్పుడు చెయ్యకుండా పోగేస్తున్నాడన్నమాట!"

"లేస్తే చెప్పు, లేచి చూస్తాను. ముందా టీ తాగు, చల్లారిపోతోంది," అనేదాన్ని.

ఆయన ఊపిరితిత్తులు పాడై ముక్కుకి ట్యూబు వచ్చాక, ఆ గీత కూడా పడకేసింది. వారాల తరబడి ఒక్క షేరు చేతులు మారేది కాదు. ఆయన మంచం దిగడం మానేశాడు. గడ్డం గీసుకోమంటే, "ఎందుకే లేవడం? కొనేవాడే లేడు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అందుకని నేను కొన్నాను.

అవును, నేనే. మా అమ్మ నాకిచ్చి వెళ్ళిన డబ్బు ఉంది కదా, దానితో. ఫోనులో ఎలా కొనాలో లైబ్రరీలో ఒకమ్మాయి నేర్పింది. అడిగిన ధరకే, కాసిని కాసిని కొంటూ పోయాను. ధర ఆవగింజంత పెరిగేది, వాల్యూమ్ కలిసేది, గీత లేచేది. గీత లేచిన మూడో రోజుకి మీ నాన్న గడ్డం గీసుకున్నాడు!

పబ్బు నుంచి నార్మ్ వచ్చి, "ఏరా క్లెమ్, నీ షేర్ల శవం లేచి కూర్చుందట?" అని ఎగతాళి చేశాడు.

"నువ్వు బీరు తాగి నోరు మూసుకోరా. పెద్ద చెయ్యి దిగింది. పెర్త్ వాడో, లండన్ వాడో!"

ఆ పెద్ద చెయ్యి వాళ్ళ పక్కనే సింకులో గిన్నెలు తోముతోంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన ఆశతో పోయాడు, ఆ ఆశ నేనిచ్చాను అని, అంత్యక్రియల నాడు కూడా అదొక్కటే నన్ను నిలబెట్టింది.

మొన్న గురువారం పెర్త్ నుంచి బ్రోకరు హార్గ్రీవ్ ఫోను చేశాడు. పరామర్శ చేసి, "డబ్బు మీ ఖాతాలో పడింది కదమ్మా?" అన్నాడు.

"ఏం డబ్బు?"

"క్లెమ్ షేర్లు అమ్మిన డబ్బు. కొనేవాళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ కొద్దికొద్దిగా అమ్ముతూనే ఉన్నాడు. చివరికి ఒక్కటీ మిగల్చలేదు."

ఆయనే చెప్పుకొచ్చాడు. "నీ గీత లేస్తోందని నువ్వే అంటావు, ఇప్పుడమ్ముతావేంటయ్యా అని తిట్టానమ్మా. 'అది ఎగిరేదాకా నేనుండను. డల్సీ ఈ దుమ్ములో దగ్గుతూ ఉండకూడదు. ఎస్పరెన్స్‌లో సముద్రం పక్కన చిన్న ఇల్లు అద్దెకి తీసుకోవాలి. నేను అమ్మేశానని మాత్రం దానికి చెప్పకు, తట్టుకోలేదు' అన్నాడు."

తెలిసిందా రోరీ? కొనేవాడుంటే అమ్మేవాడూ ఉంటాడు. అన్నేళ్ళు ఆ తలుపు ముందు కూర్చుని విన్నదాన్ని, నాకు అమ్ముతున్నదెవరా అని ఒక్కసారైనా అనుకోలేదు. మొదట్లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అమ్మారు. ఆ తర్వాత అమ్మినవాడు పక్కగదిలో మంచం మీద ఉన్నాడు. మా అమ్మ డబ్బే ఆయన చేతిమీదుగా తిరిగి నా ఖాతాలోకి వచ్చింది.

డబ్బు పోతే పోనీ. నా గుండె పగిలేది దానికి కాదు. తన బంగారం రేపో మాపో బయటపడుతుందని నమ్మి, నమ్ముతూనే, నాకోసం దాన్ని చేజేతులా వదిలేసుకున్నాడు. తనకి దక్కకపోయినా నీకైనా దక్కాలని నిన్ను కొనమన్నాడు. ఆఖరి రోజుల్లో ఆ గీత చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆనందమనుకున్నాన్రా నేను! దగ్గరికెళ్ళి, "చూశావా, ఇంకా లేచింది," అని కూడా అన్నాను. నన్ను నేనెలా క్షమించుకోను?

అక్కడ పెద్ద చెయ్యి ఎవరిదీ లేదు. నేను ఆపేశాక వాల్యూమ్ కూడా లేదు. దాచుకున్న డబ్బుతో ఇల్లు కొనుక్కో. నామాట కాదని ఎమూ సోక్ కొనబోయావా, అమ్మడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు. అవి మీ నాన్న చేతిలోంచి నా చేతిలోకి వచ్చినవి. నువ్వడిగినా సరే, ఒక్కటి కూడా ఇవ్వను.

ఇట్లు,
నీ అమ్మ,
డల్సీ.