మధ్యలో రెండు సున్నాల బండి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫాలో నువ్వు పనిచేసిన ఇంట్లోనే నేనిప్పుడు డ్రైవర్ని. నీ గదిలోనే ఉంటున్నాను.

ఈ ఉదయం మన యజమాని బాబా గారి కొడుకు కొత్త బండి తెచ్చాడు. సింహం బొమ్మ ఉన్న నీకిష్టమైన ఫ్రెంచి కంపెనీదే. ఆ కుటుంబం కాఫీ గింజలు పొడిచేసే మరలు, సైకిళ్ళు చేశాకే కార్లలోకి దిగిందని నువ్వు చెబుతుంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

ముసలి బాబా చేతికర్రతో బయటికొచ్చి బండి మోడల్ నంబరు అడిగాడు.

"5008 బాబా. మధ్యలో రెండు సున్నాలు."

ఆయన బానెట్ మీద చెయ్యి వేసి, నువ్వు ఆయనకు నడిపిన బండ్ల వరస మొదలుపెట్టాడు. "505, 405..." అని ఆగిపోయాడు.

"406," అని అందించాను.

"నువ్వు కాదు, మీ అన్న చెప్పాలి. యల్లా, త్వరగా ఫోన్ చెయ్యి, వచ్చి చూడమను," అన్నాడు తనకొచ్చిన హిందీలో.

నీ శవపెట్టెను విమానం ఎక్కించిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి ఏడ్చిన మనిషి ఆయన; ఇప్పుడది గుర్తులేదు. కొడుకు తల దించుకున్నాడు. నేను "చేస్తాను బాబా" అన్నాను. ఆయన తృప్తిగా లోపలికి వెళ్ళాడు.

గదికొచ్చి నిజంగానే నీ నంబరుకు చేశాను. ఆ నంబరు ఇప్పుడు వాడుతున్నవాళ్ళెవరో ఎత్తి "కౌన్?" అన్నారు. "బండి వచ్చిందన్నా" అని తెలుగులోనే చెప్పి పెట్టేశాను.