పరుపుల వీధికి బస్సు

ప్రొద్దుటూరు, పరుపుల వీధి

బస్సు డిపో మేనేజరు సారుకు, పరుపులు కుట్టే లాల్ బాషా సలాం చెప్పి రాసేదేమంటే,

ఫోన్ చేస్తే మీ ఆఫీసు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. ఎవరో నొక్కమంటే నొక్కే మనిషిని కాను నేను. అందుకే రాస్తున్నా. చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకోండి. మేము ఇక్కడ అంతకంటే ఎక్కువే ఓర్చుకుంటున్నాం.

ఈ ఊళ్ళో సగం మంది నేను కుట్టిన పరుపుల మీదనే పడుకుంటారు. పొద్దున లేస్తూనే అందరూ ఒకేసారి బండ్లు తీసుకొని మా వీధి మలుపు కాడికి వస్తారు. ఆటోకు ఆటో అడ్డం, బండికి బండి అడ్డం, అన్నిటికీ కలిపి అరటిపండ్ల తోపుడుబండి అడ్డం. ఇక్కడి నుంచి బస్టాండుకు చేరేలోపల, మేము ఎక్కాల్సిన జమ్మలమడుగు బస్సు జమ్మలమడుగులో ఉంటుంది. ఒక్క బస్సులో పట్టే జనం రోడ్డంతా పరుచుకొని, మనిషికొక బండి మీద కూర్చొని హారన్ కొడుతున్నారు.

మా మలుపు నుంచి బస్టాండు మీదుగా జమ్మలమడుగుకు ఒక బస్సు వేయండి. ఇది ప్రజల కోసం అడుగుతున్నా. నా కోసం కాదు.

ఇట్లు,
ఎవరినీ ఏదీ అడిగి ఎరగని
లాల్ బాషా

తా.క.: "నా కోసం కాదు అని ఎందుకు రాస్తివి, వాళ్ళేమన్నా అడిగినారా?" అంటాంది మా ఇంటామె ఖైరున్నీసా. కొట్టేస్తే కాగితం పాడవుతుందని అట్లే వదిలేసినా.

*

లాల్ బాషా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కొత్త సర్వీసు వేయాలంటే ప్రయాణికులు ఎంతమంది ఉన్నారో ముందు చూడాలి. వచ్చే గురువారం ఉదయం మా ఉద్యోగి జయరాజు మీ మలుపు దగ్గరికి వచ్చి లెక్క రాసుకుంటారు. బస్సు కావలసిన వారందరూ ఆ సమయానికి అక్కడ ఉండేట్టు చూడగలరు.

భవదీయురాలు,
సుస్మిత, డిపో మేనేజర్

తా.క.: నేను సారును కాను.

*

మేనేజరు మేడంకు లాల్ బాషా సంతోషంగా రాసేదేమంటే,

గురువారం పని బ్రహ్మాండంగా జరిగింది. మీ మనిషి మా వీధికి వస్తుంటే ఎండలో నిలబెడతామా? మలుపు కాడ రోడ్డుకు అడ్డంగా షామియానా వేయించినా. కుర్చీలు తెప్పించినా. ఫోన్లో పిలిస్తే మర్యాద కాదని ఇంటింటికీ పోయి పిలిచినా. దువ్వూరు నుంచి కూడా మావాళ్ళు వచ్చినారు, అందరూ బండ్లలోనే. వంటమాస్టరు కలీంతో బిర్యానీ వండించినా. రోడ్డు ఆ కొస నుంచి ఈ కొస దాకా నిండిపోయింది.

జయరాజు పాపం బండ్ల సందుల్లో దూరి దూరి నడిచి వచ్చినాడు. కడుపునిండా పెట్టినాం. మొహమాటస్తుడు, రెండోసారి బలవంతంగా వడ్డించినాం. ఈ జనం సరిపోతారా అని అడిగితే, "శానా మంది వచ్చినారు పెద్దాయనా, అంతా శుభం" అన్నాడు. బస్సు ఎప్పుడు?

ఇట్లు,
ఎదురు చూస్తూ
లాల్ బాషా

తా.క.: పోతా పోతా ఒక గోడ గడియారం నా చేతిలో పెట్టిపోయినాడు. బస్సు టైము చూసుకోవడానికి కాబోలు. మీ ఆఫీసు పద్ధతి నాకు నచ్చింది.

*

లాల్ బాషా గారికి నమస్కారాలు.

జయరాజు ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ రోజు మీ ఇంట్లో పెళ్ళి జరుగుతున్నందువల్ల బస్సు కోసం నిలబడినవారు ఒక్కరూ కనిపించలేదు. పైగా షామియానా కారణంగా ట్రాఫిక్ ఆగి, మా బస్సులు కూడా బస్టాండు చేరలేకపోయాయి. ఈ పరిస్థితుల్లో మీ విన్నపాన్ని పరిశీలించలేమని తెలియజేయడానికి చింతిస్తున్నాము. నూతన దంపతులకు డిపో తరఫున శుభాకాంక్షలు.

భవదీయురాలు,
సుస్మిత

తా.క.: వట్టి చేతులతో వచ్చి భోంచేయడం బాగుండదని జయరాజు పక్క అంగట్లో గడియారం కొన్నారట. పెళ్ళికూతుర్ని చూపించలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

*

మేడం గారికి లాల్ బాషా కోపంగా రాసేదేమంటే,

పెళ్ళేంది? ఎవరికి పెళ్ళి? మా ఇంట్లో ఉండేది నేనూ ఖైరున్నీసానే. మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆమె కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ముసలోడా, ఈ వయసులో నాకు మళ్ళీ పెండ్లి చేస్తివి కదా! అదీ నీతోనే!" అని.

ఆమె అట్లా నవ్వి శానా దినాలయింది. అందుకే ఉన్నమాట రాస్తున్నా.

ఆమె అక్క జానీబీ జమ్మలమడుగులో ఉంది. మొగుడు పోయినాక ఒంటిది. ఖైరున్నీసా వారం వారం పోయి చూసి వచ్చేది. ఇప్పుడు మోకాళ్ళు వంగవు. నా మోపెడ్ వెనక కూర్చోలేదు. షేరాటో ఎక్కితే ఆ మోకాళ్ళ మీద ఇంకొకరు కూర్చుంటారు. పోయినసారి మలుపు కాడ ఆటో ఇరుక్కొని కదల్లేదు. నొప్పికి తాళలేక దిగి ఇంటికి వచ్చేసింది. అక్క కోసం చేసిన కజ్జికాయల డబ్బా చేతిలో అట్లే ఉంది. "ఇంక పోనులే" అన్నది. ఆ మాట నాకు నచ్చలేదు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. పెట్టేసినాక ఆ ఫోన్‌నే చూస్తా కూర్చుంటుంది.

నేను ఎవరి కాళ్ళూ పట్టుకోను. అడగడం మాత్రం అడుగుతున్నా.

ఇట్లు,
ఏ పెళ్ళీ చేయని
లాల్ బాషా

తా.క.: గడియారం వెనక్కి అడిగితే ఇవ్వను. ఆమె అప్పుడే గోడకు తగిలించింది.

*

పెద్దాయన లాల్ బాషా గారికి,

ఆ గురువారం ఆగిపోయిన బస్సుల్లో ఒకదాంట్లో నేనూ ఉన్నాను. దిగి నడిచాను. దారి పొడవునా ఒక్కో బండి మీద ఒక్కో మనిషి, అందరి మొహాల్లో విసుగు. వీళ్ళంతా బస్సు అక్కర్లేనివాళ్ళు కాదు, బస్సు రాదని బండి కొనుక్కున్నవాళ్ళు. జయరాజు లెక్కపెట్టాల్సింది వాళ్ళనే అనిపించింది.

సోమవారం నుంచి నెల రోజులు మీరు అడిగిన దారిలో ఒక చిన్న బస్సు నడిపిస్తాం. ఖాళీగా తిరిగితే మాత్రం తీసేయక తప్పదు.

మీ
సుస్మిత

తా.క.: మెట్టు ఎత్తు తక్కువున్న బస్సు వెతికి పంపుతున్నాను. ఇది ఆఫీసు మాట కాదు.

*

పెద్దాయనా,

బస్సు ఖాళీగా తిరుగుతోంది. కండక్టరు చెప్పిందేమిటంటే, మీ మలుపు దగ్గర బస్సు ఆగగానే ఒక ముసలాయన వచ్చి కిటికీల్లోంచి సీటు సీటుకూ ఒక తువ్వాలు వేస్తున్నారట. ఎక్కినవాళ్ళు సీట్లన్నీ ఎవరో పట్టేసుకున్నారనుకొని దిగి ఆటో ఎక్కుతున్నారు. తువ్వాళ్ళు మాత్రం హాయిగా జమ్మలమడుగు పోయి వస్తున్నాయి.

ఆ ముసలాయన ఎవరో మీకు తెలిస్తే చెప్పండి. ఇలాగే సాగితే వచ్చే వారం బస్సు ఉండదు.

మీ
సుస్మిత

తా.క.: తువ్వాళ్ళన్నీ ఉతికించి డిపోలో పెట్టించాను.

*

అమ్మా సుస్మితా, లాల్ బాషా దీవించి రాసేదేమంటే,

ఆ ముసలాయన నేనే. ఖైరున్నీసా రోజూ "సీటు దొరకదు, నిలబడి పోలేను, రేపు పోతాలే" అంటుంటే, ఆమెకు ఏ సీటు నచ్చుతుందో తెలియక అన్నిటి మీదా వేసినా. బస్సు తీసేస్తారని నువ్వు రాసినాక, మంగళవారం పొద్దున చెయ్యి పట్టుకొని ఎక్కించినా. తువ్వాళ్ళు లేవు కదా, బస్సు నిండుగా ఉంది. మా వీధి ఆడవాళ్ళే సగం. ఎవరో కాలేజీ పిల్ల లేచి కిటికీ పక్క సీటు ఇచ్చింది. ఖైరున్నీసా నా వైపు చూడనన్నా చూడలేదు.

నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జానీబీ కూర్చోని ఉంది! అటు నుంచి అదే బస్సులో వచ్చి, మా మలుపు దాకా వస్తుందని తెలియక బస్టాండులోనే దిగి ఆటో ఎక్కిందంట.

"ఫోన్ చేసి రాగూడదా వదినా?" అన్నా.

"ఫోన్ చేసి వచ్చేదానికి ఇదేమన్నా మస్కటా? బస్సుంది కదప్పా, ఎక్కినా, వచ్చినా" అన్నది.

జమ్మలమడుగులో ఖైరున్నీసా తాళం వేసిన ఇంటి ముందర. ప్రొద్దుటూరులో జానీబీ నా ముందర. ఇద్దరికీ ఫోన్లో నేను మధ్యవర్తిని. "అక్కను కదలొద్దను, నేనే వస్తాండా" అని చెల్లెలు అంటుంది. "దానికి మోకాళ్ళు బాగలేవు, నేనే పోతా" అని అక్క అంటుంది. ఇద్దరూ నా మాట వినే రకం కాదు.

చివరకు సాయంత్రం బస్సు మా మలుపు కాడ ఆగితే, దిగేది చెల్లెలు, ఎక్కేది అక్క. మెట్టు మీదనే ఒకరినొకరు పట్టుకున్నారు. ఏడుపు, నవ్వు, మళ్ళీ ఏడుపు. దిగేవాళ్ళు దిగలేరు, ఎక్కేవాళ్ళు ఎక్కలేరు. వెనక ఆటోలు, ఆటోల వెనక బండ్లు, బండ్ల వెనక లారీ. ఊరంతా హారన్ కొడతాంది. డ్రైవరు నా వైపు చూసినాడు.

"ఉండనీ అప్పా, ఏం కొంప మునగదు" అన్నా. ఈ రోడ్డు మీద నేను అట్లా అనడం అదే మొదలు.

బస్సు తీసేయొద్దు తల్లీ.

ఇట్లు,
నీకు తాత వరసయ్యే
లాల్ బాషా

తా.క.: అక్కాచెల్లెళ్ళు ఇప్పుడు పులివెందులకు పోవాలంటున్నారు, జానీబీ కూతురు రిహానా ఇంటికి. ఆ బస్సులో ముగ్గురు కూర్చునే సీటు ఏ పక్క ఉంటుందో రాసి పంపు. నన్ను వాళ్ళు రమ్మనలేదు. నేనే పోతా.