ఇసుక మైదానం ఏ దిక్కున?

అన్నా,

నీవు పోయి నేటికి ఏడాది. విశాఖలోని తొలి గోల్ఫ్ మైదానాల చరిత్ర రాస్తున్నాను. ఇప్పటి పచ్చిక మైదానం రాకముందు, నీవు పనిచేసిన ఇసుక మైదానం ఉండేదంటే అక్కడెవరూ నమ్మడం లేదు. స్థలం చూపలేకపోతే ఆ ప్రకరణం అచ్చు వేయబోమని ప్రచురణకర్తలు అన్నారు.

మన శంషాబాద్ నుంచి నీతోపాటు అక్కడికి పనికి వెళ్లిన యాదయ్యన్నను కలవడానికి ఈరోజు కొత్వాల్‌గూడ వెళ్లాను. ఆయనకు మతి నిలవడం లేదు. మైదానం మాటెత్తగానే లేచి, గోనెసంచిని వాకిట్లో గుండ్రంగా ఈడ్చాడు. బంతి పడే గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుకను అలాగే చదును చేసేవారమని నీవు చెప్పేవాడివి.

"అది పచ్చిక మైదానానికి ఏ దిక్కున ఉండె, అన్నా?"

"నన్నేంది అడుగుతవ్ తమ్మీ? మీ అన్ననే అడుగు. ఆడనే పనిల ఉన్నడు గద!"

అడుగుతున్నాను, అన్నా. ఏ దిక్కున?